శ్యామలమ్మ చదివిన మూడో భాగం

నిజామాబాద్ కోటగల్లిలో శ్యామలమ్మ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ ఇంటి నంబరు చెప్పరు. "ఇంగ్లీషు కథ సదివే శ్యామలమ్మనా? గా రేకుల వసారా సూడుండ్రి" అని వేలు చూపిస్తారు. ఆమె టీచరు కాదు, లెక్చరరు అసలే కాదు. ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు ఆగిపోయి, పెళ్లయి ఈ ఊరొచ్చి, ముప్పై ఏడేళ్లుగా బీడీలు చుడుతున్న మనిషి. అయినా విక్టోరియా రాణి కాలంలో రాసిన ఒక లావుపాటి ఇంగ్లీషు నవలను, పలక పట్టని ఆడవాళ్లకు వినిపించి, నవ్వించి, ఏడిపించి, వాళ్లలో వాళ్లకు తగవులు కూడా పెట్టించిన ఘనత ఆమెది. అదే కాలపు నవలలను పిల్లల చేత నోట్సుగా బట్టీ పట్టించి, పరీక్ష కాగానే పీడ విరగడైందనిపించే మహానుభావులు కాలేజీల్లో చాలామంది ఉన్నారు. వాళ్లంతా ఒక్క పూట ఆ వసారాలో కూర్చుని వస్తే బాగుండును.

ఆ పుస్తకం బోధన్ నుంచి వచ్చింది. శ్యామలమ్మ తండ్రి రాజారాం చక్కెర ఫ్యాక్టరీలో ఆఫీసర్ల క్లబ్బులో అటెండరుగా పనిచేసేవాడు. క్లబ్బులో ఒక గది నిండా పాత పుస్తకాల బీరువాలు ఉండేవి. ఎప్పుడో దొరల కాలంలో తెచ్చినవి. ఆఫీసర్లు పేకాట గది దాటి అటు రాకపోవడంతో చెదలు హాయిగా చదువుకునేవి. ఒకరోజు వాటన్నిటినీ పాత సామాన్ల వాడికి తూకానికి వేస్తుంటే రాజారాం అడిగి రెండు పుస్తకాలు ఇంటికి తెచ్చాడు. ఏవి మంచివో ఆయనకేం తెలుసు? లావుగా ఉన్నవి ఏరుకొచ్చాడు.

"బిడ్డా, నీకు ఇంగ్లీషు అస్తది గద. సదువుకో" అన్నాడు.

రెండూ ఒకే నవలకు ఒకటో భాగం, రెండో భాగం. నవల పేరూ, రాసినవాళ్ల పేరూ ఉండాల్సిన పేజీలు చెదల పొట్టలోకి పోయాయి. రెండో పుస్తకం చివర మాత్రం "రెండవ సంపుటం సమాప్తం" అని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంది. అంటే మూడోది ఒకటి ఉండాలి. రాజారాం మర్నాడే పాత సామాన్ల వాడి దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికే బండి వెళ్లిపోయింది.

అత్తవారింటికి శ్యామలమ్మ ఆ రెండు పుస్తకాలనూ, ఒక డిక్షనరీనీ వెంట తెచ్చుకుంది. తెలియని మాటకల్లా అర్థం వెతికి పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకునేది. మొదట్లో ఒక్కో పేజీకి ఒక్కో వారం పట్టేది. మొత్తం చదవడానికి నాలుగేళ్లు పట్టింది. మధ్యలో ఇద్దరు పిల్లలు పుట్టారు. మొగుడు పోశయ్య మంచివాడు. "మా ఇంటిదానికి పుస్తకం పురుగు కుట్టింది" అని నలుగురిలో నవ్వేవాడే గానీ దీపం ఆర్పెయ్యమని ఏనాడూ అనలేదు.

వసారాలో ఎనిమిది మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. తడిపిన తునికాకు కత్తిరించాలి, తంబాకు పెట్టి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. చేతులకు క్షణం తీరిక ఉండదు, చెవులకు మాత్రం ఏ పనీ ఉండదు. ఒకసారి ఊరికే కథ చెబుతానని మొదలుపెట్టింది శ్యామలమ్మ. రెండో రోజుకు వాళ్లు పట్టుబట్టారు. మూడో రోజుకు ఒక పద్ధతి ఏర్పడింది. ఆమె పుస్తకం పట్టుకుంటే చేతులు ఆగిపోతాయి కాబట్టి, వినే ప్రతి మనిషీ తను చుట్టిన వాటిలోంచి ఒక కట్ట ఆమె చాటలో వేయాలి. పాతిక బీడీల కట్ట. దాన్ని కథ కట్ట అంటారు. ఆ గల్లీలో పుట్టిన మాట అది, ఇంకెక్కడా వినపడదు.

ఆమె చదివే తీరు వేరు. ఒక వాక్యం కళ్లతో ఇంగ్లీషులో చదువుకుని, తలెత్తకుండానే దాన్ని ఇక్కడి మాటలో చెప్పేది. కథలో ప్రధాన స్త్రీ ఎలైజా. రెండు రోజుల్లోనే ఆమె ఎల్లవ్వ అయిపోయింది. ఎల్లవ్వ ఇంట్లో కూర్చుని లేసు అల్లుతుంది. అల్లినదాన్ని వ్యాపారి కొట్టుకు తీసుకుపోతే, వాడు వెలుతురులో పట్టి చూసి, సగం బాగాలేదని తీసి పక్కన పడేస్తాడు.

"ఓయమ్మా! గా దేశంల గూడ గిట్లనే తీసేస్తరా?" అని రాములవ్వ కత్తెర కింద పెట్టేసింది. కార్ఖానాలో రోజూ తన బీడీల్లో సగం ఏరి పారేయించుకునే మనిషి ఆమె.

ఆ రోజు నుంచి ఎల్లవ్వ వాళ్లలో తొమ్మిదో మనిషి. ఆ దేశపు పొగమంచు ఏమిటని అడిగితే శ్యామలమ్మ ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో బోధన్ మీద కమ్ముకునే పొగ గురించి, ఆరేసిన బట్టల మీద పడే నల్లటి మసి గురించి చెప్పింది. ఆకాశం నుంచి పడే మంచును మాత్రం వాళ్లు సగమే నమ్మారు. జూన్ నెలలో వాన పడుతుంటే ఆ దేశపువాళ్లు విసుక్కున్నారంటే అసలే నమ్మలేదు. "నువ్వే తప్పు సదివినవ్, మల్ల సూడు" అన్నారు.

తప్పు చదవడం అన్న మాట శ్యామలమ్మకు గిట్టదు. ఒక్క పేరా కూడా వదిలేది కాదు. మొదటి భాగంలో ఒక చర్చి పెద్దమనిషి నాలుగు పేజీల పాటు ఉపన్యాసం ఇస్తాడు. వినేవాళ్లకు ఆవులింతలొచ్చి, "గది ఇడిసిపెట్టు అక్కా, ఎల్లవ్వ సంగతి జెప్పు" అని బతిమాలారు. ఆమె కళ్లెర్రజేసింది.

"రాసినోళ్లు పిచ్చోళ్లా? వాళ్లు రాసిండ్రు, నేను సదువుతున్న, మీరు ఇంటున్నరు. నడుమ ఇడిసిపెట్టనీకి నేనెవల్ని?"

నాలుగు పేజీలూ విన్నారు. మర్నాడు కట్టలు కాస్త వదులుగా చుట్టి ఇచ్చారనుకోండి, అది వేరే సంగతి.

సాయంత్రాలు టీవీ సీరియళ్లు చూసేటప్పుడు వాళ్లకు ఇంకో సరదా దొరికింది. దాచిపెట్టిన ఉత్తరం, చచ్చిపోయాడనుకున్న మనిషి తిరిగి రావడం, అనాథ పిల్ల అసలు ఎవరి బిడ్డో చివర్లో తేలడం. ఇవన్నీ శ్యామలమ్మ పుస్తకంలో ఎప్పుడో విన్నవే. "గిది మన పుస్తకంల నుంచే ఎత్కపోయిండ్రు" అని నిరోష టీవీ వైపు చెయ్యి విసిరేది. నిరోష అందరిలోకీ చిన్నది, నోరు మాత్రం పెద్దది. ఆమె మాట పూర్తిగా తప్పేమీ కాదు. ఎవరూ చదవడం లేదనుకునే ఆ పాత నవలలు ప్రతి ఇంట్లో ప్రతి సాయంత్రం పట్టుచీరలు కట్టుకుని తిరుగుతూనే ఉన్నాయి.

ఇదంతా ఒక ఎత్తు, పద్దెనిమిదేళ్ల కిందట జరిగింది ఒక ఎత్తు.

రెండో భాగం చివరికొచ్చింది. ఎల్లవ్వకు ఒక చెల్లెలు. తల్లి పోతే తనే పెంచింది. ఆ చెల్లెలు ఒక మనిషిని నమ్మి, అక్కకు చెప్పకుండా వెళ్లిపోయింది. పదేళ్ల తర్వాత, మంచు కురుస్తున్న ఒక సాయంత్రం, ఎల్లవ్వ ఇంటి తలుపు ఎవరో తడతారు. "అక్కా" అని పిలుపు వినిపిస్తుంది. అక్కడితో రెండో సంపుటం సమాప్తం.

వసారా మొత్తం గోలగోలైంది. తలుపు తీస్తుందని కొందరు, తీయదని కొందరు. ఒక్క మనిషి మాత్రం చాటలోంచి తలెత్తకుండా ఆకు కత్తిరిస్తూనే ఉంది. ఆమె హన్మవ్వ.

హన్మవ్వ సంగతి అందరికీ తెలుసు. ఆమె కూడా తల్లి లేని చెల్లెలు తారాబాయిని ఒళ్లో పెట్టుకుని పెంచింది. సంబంధం కుదిర్చి, ముహూర్తం పెట్టాక, చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల్లో ఒకతనితో తారాబాయి వెళ్లిపోయింది. ఆ అవమానంతో మంచం పట్టిన తండ్రి మళ్లీ లేవలేదు. పన్నెండేళ్లు ఉలుకూ పలుకూ లేదు. ఆ వారమే, తారాబాయిని తీసుకెళ్లిన మనిషి చచ్చిపోయాడని, ఆమె నాలుగేళ్ల ఆడపిల్లతో శుక్రవారం వస్తోందని కూరగాయల మార్కెట్లో ఎవరో కబురు చెప్పారు.

"నా కడప తొక్కనియ్య. మా బాపు పానం తీసిన మనిషి అది. తలుపేసుకొని కూసుంట" అని హన్మవ్వ అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది.

ఆమె ఒట్టు పెడితే మాట తప్పే రకం కాదు. ఆ రోజు బుధవారం. శ్యామలమ్మకు రాత్రంతా నిద్ర లేదు. గురువారం పొద్దున, రెండో భాగానికి దినపత్రిక కాగితంతో కొత్త అట్ట వేసి, వసారాలో కూర్చుంది.

"మూడో భాగం మా బోధన్ల అవ్వగారింట్ల దొర్కింది" అని చెప్పి, పుస్తకం విప్పింది. ఎల్లవ్వ లేచింది. గడియ మీద చెయ్యి వేసింది. తండ్రి గుర్తుకొచ్చాడు, ఊరివాళ్ల మాటలు గుర్తుకొచ్చాయి. చెల్లెలికి జ్వరమొస్తే తను మేలుకున్న రోజులూ గుర్తుకొచ్చాయి. గడియ తీసింది. ఇదంతా శ్యామలమ్మ అల్లిందే. ఒక్క పేరా వదలని మనిషి, ఒక పుస్తకమంతా సొంతంగా కల్పించి, రాసినవాళ్ల పేరు మీద చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం తారాబాయి వచ్చింది. హన్మవ్వ తలుపు తీసింది.

ఆ తర్వాత ఎవరైనా ఎత్తిపొడిస్తే హన్మవ్వ ఒకటే సమాధానం చెప్పేది. "పుస్తకంల రాసుంది. ఎల్లవ్వ తీసింది, నేను తీసిన. ఏమంటవ్?" పుస్తకంలో ఉందంటే ఎవరు మాత్రం ఏమంటారు? తారాబాయి అదే వసారాలో బీడీలు చుట్టడం నేర్చుకుంది. ఆ నాలుగేళ్ల పిల్ల, సంజన, శ్యామలమ్మ పక్కన కూర్చుని పుస్తకంలోని ఇంగ్లీషు అక్షరాలు వేలితో దిద్దుతూ పెరిగింది. కథ మొత్తాన్ని మళ్లీ రెండుసార్లు చదివించుకున్నారు. ప్రతిసారీ మూడో భాగం దగ్గర శ్యామలమ్మ రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగేది. ఎవరూ గమనించలేదనుకునేది.

సంజన ఇప్పుడు డిచ్‌పల్లిలో యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతోంది. మొన్న ఒక శనివారం పొద్దున ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అత్తా! మన పుస్తకం దొర్కింది. దాంట్లకెల్లి ఒక వాక్యం టైపు జేసి వెతికిన. ఏదో దేశం లైబ్రరీవోళ్లు మూడు భాగాలు ఫోటోలు తీసి పెట్టిండ్రు. పేరు జెప్తే మా సార్లు గూడ ఎన్నడు ఇనలేదన్నరు."

శ్యామలమ్మ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది.

"గా కాలంల వాళ్లు గూడ గిట్లనే ఇనేటోళ్లట అత్తా. ఇంటిల్లిపాది ఒక్కకాడ కూసుంటే ఒకరు గట్టిగ సదివేటోళ్లట. నెలకింత భాగం అస్తుంటే తర్వాత ఏమైతదో అని ఎదురుసూసేటోళ్లట. నేను క్లాసుల లేచి, మా వసారాల ఇప్పటికి గిట్లనే సదువుతరు అని జెప్పిన." ఆ పిల్ల గొంతులో గర్వం ఉంది. అంతలోనే గొంతు తగ్గింది. "గని అత్తా... మూడో దాంట్ల ఎల్లవ్వ తలుపు తీయదు."

శ్యామలమ్మ మెల్లగా అరుగు మీద కూర్చుంది.

"గడియ మీద చెయ్యి పెట్టి అట్లనే నిలబడతది. తట్టుడు ఆగిపోతది. పొద్దుగాల సూస్తే మంచుల అడుగులే ఉంటయ్. ఇగ చెల్లెను దేవులాడుకుంట పోతది. దొరుకుతదో లేదో నేను ఇంక సదువలేదు. అందరితోని ఇందామని ఆపిన."

"నీకు అర్థమయింది గద బిడ్డా" అంది శ్యామలమ్మ.

"అయింది." సంజన ఆమె పక్కన కూర్చుంది. ఆ తలుపు తీయకపోతే తనెక్కడ ఉండేదో ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. సోమవారం నేను సదువుతనని అందరికి జెప్పిన. తలుపు తీసిందనే సదువుత. ఎవరికి తెలుస్తది?"

ఎవరికీ తెలియదు, నిజమే. శ్యామలమ్మ రెండు రోజులు దాని గురించే ఆలోచించింది. నిజం చెబితే హన్మవ్వ ఏమంటుంది? ఒట్టు తప్పించి, తండ్రి చావును మరిపించి, అబద్ధంతో తలుపు తీయించావంటుందా? పద్దెనిమిదేళ్లుగా పుస్తకాన్ని అడ్డం పెట్టుకుని ఊరికి సమాధానం చెప్పిన మనిషి, ఇప్పుడు ఏ మొహంతో చెబుతుంది? తారాబాయి ఏమనుకుంటుంది? వీటన్నిటికీ శ్యామలమ్మ భయపడింది. కానీ తను చేతులారా పెంచిన పిల్ల, చదువుకున్న పిల్ల, నిజం పుస్తకం చేతిలో పెట్టుకుని తన అబద్ధాన్నే మళ్లీ చదవడం ఆమెకు అంతకన్నా భరించరానిదిగా తోచింది.

సోమవారం పదకొండు గంటలకు అందరూ కూర్చున్నారు. మూడో భాగం అసలుది వచ్చిందని సంబరంగా కట్టలు ముందే తెచ్చి శ్యామలమ్మ చాటలో వేశారు. హన్మవ్వ మొదటి కట్ట వేసింది. పక్కనే తారాబాయి ఆకు కత్తిరిస్తోంది. సంజన ఫోను తెరిచింది.

"ఆగు బిడ్డా" అంది శ్యామలమ్మ. చాటలోని కట్టలన్నీ తీసి, ఎవరివి వాళ్ల ముందు పెట్టింది. "ఇవి నాకొద్దు. నేను మీతోని ఒక మాట జెప్పాలె."

చెప్పింది. దాచకుండా చెప్పింది. మూడో భాగం ఎన్నడూ లేదని, దినపత్రిక అట్ట కింద ఉన్నది రెండో భాగమేనని, ఎల్లవ్వ తలుపు తీసిన మాట తన నోట్లోంచి పుట్టిందేనని, అసలు పుస్తకంలో తీయలేదని.

కత్తెరలు ఆగిపోయాయి. ముందు రాములవ్వకు కోపమొచ్చింది. "ఓసి నీ పాడుగాను! మా కోడలికి గూడ గదే జెప్తి గదనే, పుస్తకంల ఉన్నదని!" తారాబాయి తలొంచుకుని ఒళ్లోని ఆకునే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లు అక్క తలుపు తీసింది పుస్తకం చెబితేనని నమ్మిన మనిషి, ఇప్పుడు ఆ పుస్తకం కూడా లేదని విన్నది.

శ్యామలమ్మ హన్మవ్వ వైపు తిరిగింది. "హన్మక్కా, నిన్ను మోసం జేసిన. ఏమంటవో అను."

హన్మవ్వ చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, మూతి మడిచి, చాటలో పెట్టింది.

"నాకు ఎర్కనే" అంది.

"ఏంది?"

"అప్పటిసందే ఎర్క. నువ్వు సదివేటప్పుడు నీ కండ్లు అక్షరాల ఎంబడి గీ దిక్కుకెల్లి గా దిక్కు ఉరుకుతయ్. మూడో భాగం సదివిన దినాలు అవి ఒక్కసారి ఉరకలె. నా మొకం దిక్కే సూస్కుంట జెప్పినవ్. నాకు సదువు రాకపోతే కండ్లు గూడ లేవనుకున్నవా?"

శ్యామలమ్మ ఆమె ముందుకు జరిగి కూర్చుంది. "మరి అబద్ధమని తెలిసి తలుపెందుకు తీసినవ్ అక్కా?"

"నాలుగు పేజీల చర్చి ముచ్చట గూడ ఇడిసిపెట్టలేదు నువ్వు. మేం కాళ్లు మొక్కినా ఇడిసిపెట్టలె. గసొంటిదానివి, నాకోసం ఒక పుస్తకమే అబద్ధం జెప్పినవ్. గంత జేసినంక నేను తలుపు తీయకుంటే నేనేం మనిషిని?" హన్మవ్వ పక్కకు తిరిగి, చెల్లెలి ఒళ్లోంచి చాట తీసి కింద పెట్టి, చెయ్యి పట్టుకుంది. "తీసినందుకు ఒక్కనాడు గూడ బాధపడలె. ఇంటున్నవా తారా? ఒక్కనాడు గూడ."

తారాబాయి ఏడ్చేసింది. రాములవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. శ్యామలమ్మ గుండెల మీద నుంచి పద్దెనిమిదేళ్ల బరువు దిగింది, ఆమె కూడా ఏడ్చింది, ఎవరినీ పట్టించుకోలేదు.

సంజన మెల్లగా ఫోను పక్కన పెట్టబోయింది. "ఇగ సదవాల్నా పెద్దమ్మా, వద్దా?"

"ఎందుకొద్దు?" అంది హన్మవ్వ, చెల్లెలి చెయ్యి వదలకుండానే. "సదువు బిడ్డా. తలుపు తీయనామె తర్వాత ఎట్ల బతికిందో ఇందాం."